గాలితాతకు ఇచ్చిన మాట

గవ్వలపట్నం రాజ్యానికి గాలి కరువు ఏనాడూ లేదు. చిక్కల్లా ఆ గాలి ఒకే వైపు వీయడమే. ఏడాది పొడుగునా అది నేల మీంచి తూర్పు సముద్రం మీదికే వీచేది. తెరచాప ఎత్తిన ఓడ, వెనక నుంచి తోసే వాలుగాలికి హాయిగా సాగిపోయేది, తిరిగి మాత్రం వచ్చేది కాదు. అయినా ఎవరికి వారు తమ ఓడ గట్టిదనుకుని బయలుదేరేవారు. చివరికి రేవు బోసిపోయింది, రాజుగారు దిగులుతో మంచం పట్టారు. వెళ్ళినవాళ్ళను వెనక్కి తెచ్చినవారికే రేవు మీద పెత్తనం ఇస్తామని చాటింపు వేయించారు.

పైడమ్మకు పెత్తనం అక్కర్లేదు, తండ్రి కావాలి. ఆ తండ్రి, ఓడ నడిపే సరంగు అప్పలసూరి, ఒకనాడు చేపల పులుసులో ఉప్పెక్కువైందని భార్యతో గొడవపడి, "పోతన్నానే!" అని విసురుగా ఓడెక్కాడు. ఆ ఊళ్ళో గడప దాటేవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆ రోజు నుంచి అతని భార్య గంగులు పులుసులో ఉప్పు వేయడమే మానేసింది.

పైడమ్మ చిన్న పడవ సిద్ధం చేసుకుంటే గంగులు ఒడ్డుదాకా వచ్చి, "ఏ మాటని ఎల్తావో సూసుకో తల్లీ" అంది.

"ఎల్లొస్తానమ్మా!"

"ఎల్లిరా" అంది తల్లి, కళ్ళొత్తుకుంటూ.

వాలుగాలి ప్రయాణమంత సుఖం మరొకటి లేదు. అల వెనక నుంచి వచ్చి పడవను ఎత్తి, కాస్త ముందుకు తోసి, కింద నుంచి జారిపోయేది. పైడమ్మ పొద్దున్నే అంబలి తాగి, పడవలో తమంతట తామే వచ్చిపడిన ఎగిరే చేపలను కాల్చుకు తిని, చుక్కాని పట్టుకు కూర్చునేది. ఇంత సుఖంలో అయ్య ఇల్లు మరిచాడేమోనని కూడా అనుకుంది. కానీ ఆ సుఖంలోనే ప్రమాదముంది. చుక్కాని కాస్త పక్కకు తిరిగితే చాలు, తెరచాప ఒక్క విసురున ఇటు నుంచి అటు మారి పడవను బోర్లా కొట్టేస్తుంది.

ఆ సంగతి తెలిసిన అలరాకాసి కొండంత ఎత్తున పడవ వెనకే లేచింది.

"పిల్లా! వెనక్కి తిరిగి నా కోరలు చూడు!"

"సూసినా అక్కడే ఉంటావు, సూడకపోయినా అక్కడే ఉంటావు. నాకు ముందు పనుంది" అంది పైడమ్మ, చుక్కాని కదపకుండా. రాకాసి చిన్నబుచ్చుకుని, మామూలు అలలాగే పడవ కింద నుంచి జారిపోయింది.

తరువాత ఒక మత్స్యకన్య పడవ అంచున చేరి జోలపాట ఎత్తుకుంది. "అలిసిపోయావు. కాసేపు పడుకో, చుక్కాని నేను పడతాను" అంది తీయగా. పైడమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆమె చుక్కానికి తాడు కట్టి, రెండో కొస కాలి బొటనవేలికి చుట్టుకుంది. చుక్కాని జరిగినప్పుడల్లా వేలు చివుక్కుమని మెలకువ వచ్చేది. పాడి పాడి గొంతు పోయిన మత్స్యకన్య నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

చివరకు ఒక దీవి కనిపించింది. కొండంత గాలితాత అక్కడ కూర్చుని, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. ఓడలన్నీ అతని కాళ్ళ దగ్గరే ఉన్నాయి. నెరిసిన గడ్డంతో అప్పలసూరి పరుగెత్తుకొచ్చి కూతుర్ని వాటేసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తాతా, మావాళ్ళను పంపించు" అంది పైడమ్మ.

"అందరూ 'పోతాం, పోతాం' అనేవాళ్ళే! పోయినవాళ్ళు మళ్ళీ వస్తారా? ఊపిరి వదిలానంటే నేనొక్కణ్ణే మిగులుతాను" అన్నాడు గాలితాత. కోపంతో కాదు, దిగులుతో.

పైడమ్మకు జాలేసింది. పొద్దువాలేదాకా అతని పక్కనే కూర్చుని దారిలోని వింతలన్నీ చెప్పింది. దీవిలో తండ్రి వేసుకున్న గుడిసెకు వెళ్ళబోతూ, అలవాటుగా, "ఎల్లొస్తాను తాతా" అంది.

గాలితాత ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నావు? అంటే, వెళ్ళి మళ్ళీ వస్తావా?"

"అవునను" అని అప్పలసూరి కూతురి చెవిలో ఊదాడు. "ఇల్లు చేరాక ఎవడొస్తాడు?"

పైడమ్మ ఆలోచనలో పడింది. పుట్టి బుద్ధెరిగాక ప్రతి గడప దగ్గరా అన్న మాటే. అందులో ఇంత బరువుందని ఇప్పుడే తెలిసింది. అబద్ధమాడటానికి మనసొప్పలేదు. అయినా ఆ సముద్రం మీద తాను ఎంత సంతోషంగా ఉందో గుర్తొచ్చింది.

"నిజంగా వస్తాను తాతా. నాది గాలి మాట కాదు!"

ఆ మాటకు గాలితాతకు నవ్వు ఆగలేదు. పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో, ఇన్నేళ్ళూ లోపల దాచుకున్న ఊపిరంతా బయటికొచ్చింది. ఓడల తెరచాపలన్నీ పడమటి వైపు నిండుగా పొంగాయి. అందరూ వాలుగాలికే ఇల్లు చేరారు.

రాజుగారు మంచం దిగి, రేవు పెత్తనం పైడమ్మకే ఇచ్చారు. ఆ రోజు అప్పలసూరి ఉప్పులేని పులుసు గిన్నె ఖాళీ చేసి, వేళ్ళు కూడా నాకాడు.

ఆరు నెలలకు తాత ఊపిరి అయిపోయి, గాలి మళ్ళీ తూర్పుకు మళ్ళింది. ఎవరూ గుర్తుచేయకముందే పైడమ్మ తెరచాప ఎత్తింది. తాత కోసం బెల్లం ఉండలు కూడా కట్టుకుంది. తోడుగా పడవెక్కిన అప్పలసూరి ఏదో మరిచినట్టు దిగి, నీళ్ళలో తడుస్తూ ఒడ్డున ఉన్న భార్య దగ్గరికి నడిచాడు.

"గంగులూ, ఎల్లొస్తానే" అన్నాడు.

"ఎల్లిరా" అంది గంగులు. ఆ పూట ఆమె పులుసులో ఉప్పు వేసింది.