పావు సెకను ఆలస్యం

పరుగు... పరుగు... పరుగు!

స్టేడియం మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది ఆమె. వెనకాల బూట్ల చప్పుడు. ఇద్దరు!

పైన ఫ్లడ్‌లైట్ల వెలుగులో ఫుట్‌బాల్ ఫైనల్. స్కోరు సమం. ఇంకా ఐదే నిమిషాలు!

ఆమె టీమ్ డేటా అనలిస్టు. కెమెరాలు పట్టిన ప్రతి కదలికనూ చదివి ఆటగాళ్లకు మార్కులేసే మెషీన్ లెర్నింగ్ మోడల్ ఆమె రెండేళ్ల కష్టం. ఈ ఉదయం అదే మోడల్ గోల్‌కీపర్‌ని పట్టించింది. గత నాలుగు మ్యాచ్‌ల్లో, సరిగ్గా ఆఖరి నిమిషాల్లో, అతని డైవ్ పావు సెకను ఆలస్యం!

ఆ గోల్‌కీపర్ ఆమె సొంత తమ్ముడు.

గుండె రాయి చేసుకుని కోచ్‌కి రిపోర్టిచ్చింది. మధ్యాహ్నానికల్లా వాణ్ని టీమ్‌లోంచి పీకేశారు.

మరి వీళ్లెవరు?

డ్రెస్సింగ్ రూమ్! లోపలికి దూరి గడియ పెడుతుంది.

ఎదురుగా తమ్ముడు.

"అక్కా! ఫోనెత్తవేం? పారిపొమ్మని ఇరవైసార్లు కొట్టాను!"

"గోల్స్ ఎందుకు వదిలేశావురా? సిగ్గులేదూ?"

వాడు ఫోన్ చూపిస్తాడు. ఫొటోలు. బస్టాపులో ఆమె. ఆఫీసు లిఫ్టులో ఆమె. తన మంచం మీద నిద్రపోతూ... ఆమె!

"బెట్టింగ్ ముఠా. గోల్ ఆపితే నిన్ను లేపేస్తామన్నారు. ఇవాళ నేను లేనుగా... టీమ్ ఓడితేనే వదులుతారట."



ధడ్! తలుపు అదిరిపోతుంది.

ఆమె కోచ్‌కి ఫోన్ కలుపుతుంది. "సార్! తమ్ముణ్ని మళ్లీ ఆటలోకి దింపండి! నా రిపోర్టు తప్పు!"

"పొద్దున ఒట్టేసి మరీ చెప్పావుగా! ఫోన్ పెట్టెయ్... రిఫరీ వాళ్లకి పెనాల్టీ ఇచ్చాడు!"

తలుపు మీద దెబ్బలు ఆగిపోతాయి. బయట ఓ గొంతు. "ఆగరా. గోల్ పడితే వదిలేద్దాం."

గోడ మీది టీవీలో కొత్త కీపర్. ఇరవయ్యేళ్లుండవు.

"పడాలి... దేవుడా, గోల్ పడాలి!" తమ్ముడు గొణుగుతున్నాడు.

అప్పుడు గుర్తొస్తుంది ఆమెకు. కొత్త కీపర్‌కి ఆమే చీటీ రాసిచ్చింది. పెనాల్టీ కొట్టే అవతలి ఆటగాడి గురించి మోడల్ తేల్చిన లెక్క. 'ఇతను పెనాల్టీ నీ కుడివైపే కొడతాడు.'

విజిల్!

కీపర్ కుడివైపుకి ఎగురుతాడు.

బంతి... అతని చేతుల్లో!

స్టేడియం దద్దరిల్లిపోతుంది. గడియ ఊడి ఎగిరి పడుతుంది.

"అక్కా, నా వెనక్కి రా!"

ఢాం!

ఢాం!

అరవై వేల గొంతుల కేరింతల్లో... ఎవరికీ వినపడదు.