చివరిగది గొళ్ళెం

మా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దాచే చివరిగది మంచిది కాదంటారు. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. మోటారు ఆపాక లోపల్నుంచి ఎవరో తలుపు కొడతారట. పలికావా... నీ పని అయిపోయినట్టే.

మా అన్న ఆ గదిలోనే చచ్చిపోయాడు. దెయ్యం మింగేసిందన్నాడు మావయ్య. ఆయన అమ్మకి సొంత తమ్ముడు. ఆ రాత్రి కాపలా కూడా ఆయనదే. అమ్మ ఆ మాట పట్టుకునే బతుకుతోంది.

మావయ్య ఈ కథ టీకొట్టు దగ్గర చెప్తూనే ఉంటాడు. చెప్పినప్పుడల్లా కొంచెం పెరుగుతుంది. ఇదివరకు ఊరికే దెయ్యం అనేవాళ్ళు. అన్న పోయాక దానికి తెల్లచీర కట్టింది ఈయనే. నేను వెనక బల్ల మీద కూర్చుని వింటా. గట్టిగా మాట్లాడ్డం నాకు చేతకాదు.

మొన్న ఇలా చెప్పాడు.

అన్న పోయిన రాత్రి, అందరూ వెళ్ళిపోయారట. లైట్లు ఆపుకుంటూ వస్తున్నాడట. చివరిగది దగ్గరికి వచ్చేసరికి... టక్. ఆగాడు. మళ్ళీ... టక్ టక్. ఒళ్ళు జల్లుమంది. కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. తలుపు సందులోంచి పొగలా చలి —

నిన్ను చూసి అదే జడుసుకునుంటుందిలే అన్నాడు టీకొట్టు బాబాయి. అందరూ నవ్వారు.

మావయ్య నవ్వలేదు. గొంతు తగ్గించాడు.

"పిలిచిందిరా... 'మావయ్యా, తలుపు తియ్యి మావయ్యా' అని. అచ్చం మనిషి గొంతు."

ఈ ముక్క ఇదివరకు ఎప్పుడూ చెప్పలేదు.

దెయ్యాలకి ఏ గొంతైనా వస్తుందన్నారు పక్కవాళ్ళు. పలక్కపోవడమే మంచిదైందని భుజం తట్టారు. ఆయన్ని మావయ్యా అని పిలిచేది అన్నా, నేనూ ఇద్దరమే. ఆ రాత్రి నేను జ్వరంతో ఇంట్లో ఉన్నా.

ఆ తలుపుకి గొళ్ళెం బయటే, తలుపు మూసుకుంటే దానంతటదే పడిపోతుంది. లోపలున్నోడు దిమ్మలు లాగే కొక్కెంతో కొట్టాలి, బయటున్నోడు తియ్యాలి. పనిలో చేరిన రోజే నేర్పుతారు. అన్నకీ నాకూ నేర్పింది మావయ్యే. అలాంటోడు విని, దెయ్యమని పేరు పెట్టుకుని, ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకున్నాడు. తెల్లచీరట! పొద్దున తలుపు తీస్తే అన్న జుట్టు, కనుబొమ్మలు, చొక్కా... అంతా తెల్లగా మంచు పట్టేసి ఉంది. అదే ఆయన కళ్ళల్లో చీరైంది.

టీకొట్టు దగ్గర ఆ ముక్క చెప్పిన రాత్రే మావయ్య మా ఇంటికి అన్నానికొచ్చాడు. అమ్మ వడ్డిస్తోంది. నేను అడిగేశా.

"అది అన్న గొంతని నీకు తెలుసు కదా మావయ్యా."

ఆయన ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

"భయమేసిందిరా... దెయ్యం, దెయ్యం అనుకుంటూనే ఇంటిదాకా నడిచా."

అమ్మ గరిటె కింద పెట్టింది. మెడపట్టి గెంటుతుందనుకున్నా. గెంటాలి. నాకదే కావాలి.

అమ్మ ఆయన పక్కన చతికిలబడింది. నా వైపు చూడలేదు. గుసగుసగా అంది —

"అది దెయ్యమే కదరా తమ్ముడూ... దెయ్యమేనని చెప్పరా."

ఆయన నన్ను చూశాడు. అమ్మని చూశాడు.

"దెయ్యమే అక్కా."

అమ్మ కళ్ళు తుడుచుకుని, ఆయన కంచంలో ఇంకాస్త అన్నం పెట్టింది.