ఆమె చెప్పే సగం

అంకపట్టీ నుదుటికి బిగించగానే వీరబ్బాయి కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరిచే ఉంచండి బాబాయిగారూ. అంకెలు ఎదురుగా కనబడతాయి," అంది పరీక్ష పెట్టే హిమజ.

"కనబడక్కర్లేదమ్మా. వినబడితే సాలు."

"ఇందులో వినబడేది ఏమీ ఉండదండి."

"మరెలాగమ్మా!" అన్నాడాయన, నిజంగానే కంగారుపడి.

పెదలంక మండల కళాశాలలో కొత్తగా చేరేవాళ్ళు బయట వసారాలో వరసగా కూర్చున్నారు. ఎవరి చేతిలోనూ కాగితం లేదు, కలం లేదు. ప్రశ్నపత్రాలు పోయి ఒక తరం గడిచింది. పట్టీ అంకెలు చూపిస్తుంది. జవాబు నోటికి రాకముందే మెదడులో పట్టుకుంటుంది. ఆ మనిషి గణితంలో ఏ మెట్టు మీద కూర్చోవాలో తేల్చేస్తుంది. నర్సుకైనా, లారీ నడిపేవాడికైనా, దర్జీకైనా ఆ మెట్టే కొలత. పట్టీ తప్పు చెప్పదని ప్రభుత్వం చెప్పింది. ప్రభుత్వం తప్పు చెబుతోందో లేదో చూసే పట్టీ ఇంకా రాలేదు.

వీరబ్బాయి వంటమేస్త్రి. అరవై దాటాడు. పెళ్ళిళ్ళకూ సంతర్పణలకూ వండుతూనే జుట్టు నెరిసింది. కొత్త చట్టం వచ్చింది. వందమందికి, ఆపైన వండేవాడి దగ్గర కళాశాల ఇచ్చే పాకపత్రం ఉండాలి. ఆ చదువులో చేరాలంటే గణితంలో నాలుగో మెట్టు రావాలి. రాకపోతే శ్రావణం నుంచి ఆయన పెళ్ళిపొయ్యి వెలిగించకూడదు. శ్రావణంలో వండుతానని ఇప్పటికే నలుగురు పెళ్ళివారికి మాట ఇచ్చేశాడు.

హిమజ తెర వైపు చూసింది. పచ్చని గీత ఒకటి లేచి, చదునుగా సాగి, మళ్ళీ లేస్తోంది. జవాబులన్నీ సరిగానే ఉన్నాయి. కానీ ప్రతి జవాబుకు ముందూ గీత నిద్రపోతోంది. పట్టీ దాన్ని ఆగుడు అంటుంది. తెలియనివాడి ఆగుడు కష్టమైన లెక్క దగ్గర పొడుగ్గా, సులువైన లెక్క దగ్గర పొట్టిగా ఉంటుంది. ఈయనది అన్నిచోట్లా ఒకటే. రెండు రెళ్ళ దగ్గరా అంతే, పదమూడు తొమ్మిదుల దగ్గరా అంతే.

తెర మీద తీర్పు పడింది. మొదటి మెట్టు.

"ఎన్ని తప్పులమ్మా?" అన్నాడు వీరబ్బాయి.

"ఒక్కటీ తప్పలేదండి."

"మరింకేం!"

"జవాబు ముందు ఆగుతున్నారు బాబాయిగారూ. రెండు రెళ్ళకి కూడా ఆగారు."

"ఆగొద్దా? అవతలోళ్ళు సెప్పొద్దా?"

"అవతలివాళ్ళెవరండీ?"

ఆయన కాసేపు చేతులు చూసుకున్నాడు. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు.

"మా ఊరి బళ్ళో మాస్టారు ఎక్కాలు సగం బడి సేత అడిగించేవోరు, సగం బడి సేత సెప్పించేవోరు. మగపిల్లలం అడిగేవోళ్ళం. ఆడపిల్లలు సెప్పేవోళ్ళు. 'ఏడెనిమిదులు?' అని మేం ఇటు నుంచి అరిస్తే, 'యాభయ్యారు' అని అటు నుంచి. మా అచ్చాయమ్మ అటేపు ఉండేది. మా మేనమామ కూతురే లెండి. గొంతు గంటలాగుండేది. నేను అడగటమే నేర్సుకున్నానమ్మా. సెప్పటం దాని పని."

"అంటే మీ ఆవిడ."

"ఆయ్. ఇద్దరం కలిసే వండేవోళ్ళం. గాడిపొయ్యి కాడ నుంచుని నేను అడిగేవోణ్ణి. ఇన్ని బంతులే, బంతికి ఇంతమందే, ఆకులెన్ని కావాలే అని. ఉల్లిపాయలు తరుగుతా సెప్పేసేది, తలెత్తేది కాదు. నేనెప్పుడన్నా ముందే సెప్పేశాననుకోండి, 'తెలిసినోడివి నన్నెందుకడిగావ్?' అని కత్తిపీట మీంచి లేచేది. దాని జోలికెవరెళ్తారు? అందుకే తెలిసినా ఆగేవోణ్ణి."

"ఇప్పుడు ఆవిడ..."

"పోయి రెండేళ్ళయింది." పట్టీని వేలితో తట్టాడు. "అయినా సెప్తానే ఉంది. ఇందాక రెండు రెళ్ళు అడిగితే విసుక్కుంది కూడాను."

హిమజకు నవ్వొచ్చింది. వెంటనే ఆగింది. తెర మీద ఆ చదును గీతలు ఇంకా అలాగే ఉన్నాయి.

"దీనికి ఉపాయం ఉందండి," అంది. "నునుపు అంటారు. మూడు విడతలు. నొప్పి ఉండదు. మాకందరికీ బళ్ళో టీకాలతోపాటే చేసేశారు. ఇవాళ మొదలుపెడితే వచ్చే నెలకి మీకు నాలుగో మెట్టు ఖాయం. శ్రావణానికి పొయ్యి వెలిగించుకోవచ్చు."

"అది ఏం సేత్తాదమ్మా?"

"ఆగుడు తీసేస్తుంది. జవాబు నేరుగా వచ్చేస్తుంది."

"ఎవరు సెప్తారు?"

"ఎవరూ చెప్పరండి. వస్తుంది, అంతే."

వీరబ్బాయి పట్టీని తనే విప్పుకున్నాడు. వేడి గిన్నె దింపినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"వద్దులెండమ్మా."

"నలుగురికి మాట ఇచ్చానన్నారు కదా!"

"మా తోటోళ్ళకి ఒప్పజెప్తాను. నేను తొంభైతొమ్మిది మందికే వండుకుంటా. వందోవోడొస్తే నా ముద్ద ఆడికి పెట్టేత్తా. దాని నోరు మాత్రం మూయించలేనమ్మా. బతికుండగానే నా వల్ల కాలేదు."

నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. పెళ్ళిపొయ్యి అంటే ఆయనకు ఏమిటో హిమజకు అప్పుడు తెలిసింది. తెర ఆర్పేసింది.

గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు. "మొదటి మెట్టు పాఠాలకి వత్తానమ్మా. సదువుకి సిగ్గేంటి. ఎక్కాలు గట్టిగా సదవనిత్తారా?"

"లేదండి. అన్నీ పట్టీతోనే. నిశ్శబ్దంగా."

"పాడుసేశారు," అన్నాడు, తిట్టినట్టు కాకుండా జాలిగా. "మీకెవరు నేర్పారమ్మా ఎక్కాలు?"

"మా అమ్మ." వెంటనే చెప్పింది. ఆగుడు లేదు.

"ఎలా సెప్పేవోరు? పాడతానా, తిడతానా?"

హిమజ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అమ్మ నేర్పిందని తెలుసు. తను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మ పోయిందని తెలుసు. ఆ మరుసటి ఏడు బడిలో నునుపు చేశారు. ఆ విడతల కరపత్రంలో ఏమేం పోతాయో రాశారు. తడబాటు, భయం, ఆలస్యం. అంతే రాశారు.

ఆయన ఆమె మొహం చూశాడు. "పోన్లెండమ్మా. గుర్తొచ్చినప్పుడే వత్తాది," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

భోజనాల విరామంలో ఆమె వసారా చివరికి వెళ్ళి నాన్నకు ఫోన్ చేసింది. అమ్మ పోయాక మాటలు తగ్గించుకున్న మనిషి ఆయన.

"ఏంటి?" అన్నాడు.

"నాన్నా, అమ్మ నాకు ఎక్కాలు ఎలా చెప్పేది?"

"ఇప్పుడెందుకది?"

"చెప్పు నాన్నా."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. పట్టీ అయితే దాన్ని మొదటి మెట్టు అనేది. హిమజ ఫోన్ పెట్టెయ్యకుండా నిలబడింది.

"జడ వేస్తూ చెప్పేది," అన్నాడాయన చివరికి. "పాయకో ఎక్కం. ఏడెనిమిదుల దగ్గర నువ్వెప్పుడూ ఆగేదానివి. నువ్వు చెప్పేదాకా పాయ లాగి పట్టుకునేది. నువ్వు ఏడుస్తూ నా వైపు చూసేదానివి. నేను వేళ్ళతో చూపించేవాణ్ణి. ఆవిడకి తెలిసిపోయేది. ఇద్దర్నీ కలిపి తిట్టేది."

అన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. హిమజ ప్రతి మాటా విన్నది. ఎవరో వేరే పిల్ల కథలా ఉంది.

"నువ్వు అడుగు నాన్నా. ఆవిడ అడిగినట్టే."

"పిచ్చిదానా."

"అడుగు."

ఆయన అడిగాడు. గొంతు కొంచెం సన్నం చేసి, అమ్మలాగా. "ఏడెనిమిదులు?"

హిమజ పెదాలు బిగపట్టింది. ఖాళీ చెయ్యి తనకు తెలియకుండానే జడ మీదికి వెళ్ళింది. పాయ పట్టుకుని గట్టిగా లాగింది. కళ్ళు మూసుకుని, ఆ బడిపిల్లాడు వీరబ్బాయిలాగా, అవతలి నుంచి ఎవరైనా చెబుతారేమోనని ఆగింది.

కానీ ఆయన అడగడం పూర్తికాకముందే యాభై ఆరు వచ్చి నిలబడిపోయింది. దాని వెంట ఎవరూ రాలేదు.

"చెప్పవే," అన్నాడు నాన్న మెల్లగా. "వేళ్ళు చూపించనా?"