సిలార్ దొడ్లో రాయి

బోగోలు దాటి సముద్రం వైపు పోతే ఇసకదిబ్బల పక్కన ఒక ఖబరస్తాన్ ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోయేవాళ్ళు కాదు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో మొదలైంది ఆ చెడ్డపేరు. చచ్చినోళ్ళు రాత్రిళ్ళు లేచి తమ సమాధి రాళ్ళ కోసం వెతుక్కుంటున్నారని... వలలు మోసుకొచ్చే చేపలోళ్ళు కూడా చుట్టుదారిన పోయేవాళ్ళంట.

వెతుక్కోరా మరి! రాళ్ళన్నీ పీకించినాడు సిలార్ సాహెబు. ఖబరస్తాన్ బాగోగులు చూడమని ఊరు పెట్టిన పెద్దమనిషి! పాత ఖబరు మట్టిలో కలిసిపోయాక అక్కడే కొత్తవాళ్ళని పూడ్చడం తప్పేం కాదు, చోటు చాలనప్పుడు అందరూ చేసేదే. కానీ ఈ మహానుభావుడు ఏ రాయి ఎవరిదని ఒక్కరినీ అడగలా. కూలోళ్ళని పెట్టి చదును చేయించినాడు. పనికిరానివి గోడ అవతల పారేయించి, మంచి రాళ్ళు బండికెత్తి తన దొడ్లోకి తోలించుకున్నాడు.

మా వైపు ఆడవాళ్ళ ఖబరు రాయి పైన చదునుగా ఉంటుంది. అట్లాంటిదే పెద్దది చూసి స్నానానికి వేయించుకున్నాడు. దానిమీద నిలబడి కాళ్ళు రుద్దుకుంటూ, "చూడండబ్బా, సబ్బు పెట్టుకోడానికి గుంట కూడా ఉండాది!" అని వచ్చినోళ్ళకల్లా చూపించేవాడు. సిగ్గులేని జన్మ.

"దెయ్యాలు రావా సాయిబూ?" అంటే, "మట్టైపోయినోళ్ళకి రాళ్ళెందుకురా?" అని ఇకిలించేవాడు.

ఆ ఏడు షబే బరాత్‌కి దొరవారిసత్రం నించి వాళ్ళక్క జమాల్‌బీ వచ్చింది. ఖబర్ల మీద దీపాలు పెట్టే రాత్రి గదా అది. రాళ్ళు పోయినాక ఎవరి దీపం ఎక్కడ పెట్టాలో తెలీక, జనం మసీదు అరుగు మీదే పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు.

తల్లి పోయినప్పుడు సిలార్ పాలు తాగే బిడ్డ. చంకనేసుకుని పెంచింది ఈ అక్కే. ఇప్పుడామెకు చూపు ఆనడం లేదు. ఆడవాళ్ళు ఖబరస్తాన్‌లోకి పోరు గనక, అమ్మకి దీపం పెట్టమని ఏటా తమ్ముడికి కబురు పంపేది. వాడు ఒక్క ఏడూ పెట్టిన పాపాన పోలేదు. పెట్టినానని తిరుగు కబురు మాత్రం పంపేవాడు.

"నాకిదే ఆఖరేమోరా," అంది చీకటి పడ్డాక, ప్రమిద చేతికిస్తూ. "అమ్మ దగ్గర పెట్టిరా. నేను పోతే అమ్మ పక్కనే పూడ్చు. అంతకంటే నాకేమీ వద్దు."

"అట్నే అక్కా."

పోయినాడు. నిండు వెన్నెల. గోడ దాటినాడో లేదో, కాలు చీలమండ దాకా దిగబడింది — కొత్తగా పూడ్చిన మట్టి. లాక్కున్నాడు. ఇంకో అడుగు... మళ్ళీ దిగబడింది. అమ్మ ఎక్కడ? రాయి లేదు, గుర్తు లేదు. వెనక ఎవరో మట్టి గోకుతున్నట్టు... ఆగితే చప్పుడూ ఆగింది. పీతలో, మరేమో! మొనగాడు వెనక్కి తిరిగి చూస్తేగా!

చేతికందిన దిబ్బ మీద ప్రమిద పెట్టి వెలిగించినాడు. సముద్రపు గాలి ఊదేసింది. మళ్ళీ వెలిగించినాడు... మళ్ళీ పోయింది. ప్రమిదనక్కడే పారేసి ఇంటికి ఒకటే పరుగు. రాళ్ళు పీకించిన మగతనం అప్పుడెటు పోయిందో!

దొడ్డితలుపు తోసి... కొయ్యబారిపోయినాడు.

స్నానాల దడి వెనక వెలుగు. తెల్లటి ముసుగేసుకున్న ఆకారం... నేలకి వంగి... ఏదో గొణుగుతోంది.

"సిలారూ..."

గొంతు అక్కదే! పోయిన ప్రాణం లేచొచ్చింది వాడికి. "నువ్వా అక్కా! చంపేసినావు గదా!" అంటూ అలవాటుకొద్దీ స్నానాల బండ ఎక్కి కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు.

"పెట్టొచ్చినావా?"

"పెట్టినా. అమ్మ తలాపునే."

జమాల్‌బీ తలెత్తలేదు. నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కుందామని వచ్చి, ఆ బండ మీద చెయ్యి పెట్టిందంట. అప్పుడు చూసినాడు సిలార్. సబ్బు కింద మట్టిలో పడుంది. గుంటలో దీపం, గాలికి చలించకుండా నిలబడి వెలుగుతోంది.

"నాన్న ఈ రాయి తెచ్చిన రోజు, దీపం ఆరిపోకుండా ఈ గుంట నేనే ఉలి పెట్టి తొలిచినానురా," అంది గుసగుసగా. "కాలు తియ్. అమ్మ మీద నిలబడినావు."