కిత్తనార కొట్టంలో జోలపాట

సముద్రం అవతలి దీవిలో, లంబాసా ఊరికి ఎగువన అప్పట్లో ఒక కిత్తనార మిల్లు ఉండేది. గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన కూలీలు ముళ్ళ ఆకులు కోసుకొస్తే, ఇంజను వాటిని నలగ్గొట్టి నార తీసేది. ఆరిన నారను కొట్టంలో పోగులు పెట్టడం మునియమ్మ పని. ఆమె మొగుడు పోతయ్య ఆ ఏడు వానల్లో విరేచనాలు పట్టుకుని పోయాడు. మిగిలింది చంటిపిల్ల ఒక్కతే.

ఆ రోజు పిల్ల ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. కూలీల గదుల్లో వదిలేసి పనికి రమ్మన్నాడు సర్దారు. ఎవరున్నారని వదలడం? అతని కంటపడకుండా పిల్లను తెచ్చి, కొట్టం మూల నారపోగు వెనక గోనె పరిచి పడుకోబెట్టింది.

"ఏడవకమ్మా, నీకు దణ్ణం పెడతా."

పిల్ల ఏడవలేదు. మధ్యలో వెళ్ళి చూద్దామంటే సర్దారు కదలనివ్వలేదు.

పొద్దుగూకే వేళకు ఇంజను ఆగింది. వాన పట్టుకుంది. మునియమ్మ కొట్టంలోకి పరిగెత్తింది. లోపల మసక చీకటి. పులిసిన పచ్చి ఆకు కంపు. రేకుల మీద వాన మోత.

గోనె మీద పిల్ల లేదు.

అప్పుడు వినిపించింది... జోలపాట. తెలుగులో.

ఆ మిల్లులో తెలుగు తెలిసిన ఆడది తను తప్ప మరొకతె లేదు.

పాట నారపోగు లోపల్నించి వస్తోంది. రెండు చేతులూ దూర్చింది. మెత్తగా... చల్లగా... ఇంకా లోపలికి... పిల్ల కాలు తగిలింది. లాగింది. అవతల్నుంచి ఎవరో లాగారు.

పాట ఆగింది.

"ఇంకాసేపు ఉండనీ..." గుసగుసగా ఒక ఆడగొంతు.

"నా బిడ్డమ్మా... నాకింకెవరూ లేరు."

"నాకూ లేరు."

చేతిలోంచి కాలు జారిపోతోంది. మడమ... వేళ్ళు... మునియమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. నోటికొచ్చింది అనేసింది.

"రేపు తెస్తా. నీకే ఇస్తా. ఇప్పటికి వదులు తల్లీ!"

పట్టు సడలింది.

పిల్లను గుండెకు హత్తుకుని, వెనక్కి చూడకుండా గదికి వచ్చి పడింది. జ్వరం లేదు. పిల్ల హాయిగా నిద్రపోతోంది. సర్దారు చంపినా సరే, రేపు ఆ కొట్టం గుమ్మం తొక్కేది లేదనుకుంది. గడియ వేసి, తలుపుకు వీపు ఆనించి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఎప్పుడో కన్నంటుకుంది.

తెల్లారి చూస్తే వేసిన గడియ వేసినట్టే ఉంది. పిల్ల ఒళ్ళోనే ఉంది, నవ్వుతోంది. బుగ్గ మీద గుండ్రంగా దిష్టిచుక్క.

పోతయ్య పోయాక ఆ గదిలో కాటుకన్నదే లేదు.

మునియమ్మ వేలితో తాకింది. చుక్క ఇంకా తడిగానే ఉంది.