నూకగింజంత ఫ్యూజు

"తెల్ల వ్యాన్. అన్నదానం బోర్డు ఉంటుంది. లోపల బియ్యం కాదు, ఆర్డీఎక్స్. టార్గెట్ శ్రీశైలం డ్యామ్. అడవిలో సెల్ సిగ్నల్ లేదు. నీ సెట్ నుంచే చెక్‌పోస్టుకు చెప్పి గేటు వేయించు."

చీఫ్ గొంతు సన్నగిల్లి ఆగిపోయింది. హోటల్లో ఓ మూల మిక్సీలు బాగుచేసేవాడి వేషంలో ఉన్న ఏజెంట్ ఏబేలు వైర్‌లెస్ సెట్ వైపు చూశాడు. బ్యాటరీ నీరసించింది.

"నేను మారుస్తాను. మీరు రోడ్డు చూడండి," అంది హైమావతి. హెడ్డాఫీసు తోడు పంపిన ఏజెంట్. యాత్రికురాలి కాషాయం చీరలోనూ సినిమాతారలా ఉంది.

దోర్నాల సెంటర్ నిండా శివరాత్రి జనం. ఏబేలు హోటల్ గుమ్మం దాటాడో లేదో, తెల్ల వ్యాన్ హారన్ కొడుతూ శ్రీశైలం రోడ్డెక్కింది!

లోపలికి పరుగెత్తాడు. సెట్‌లో ఉలుకూ పలుకూ లేదు. మూత విప్పాడు. బోర్డు అంచున నూకగింజంత తెల్లటి ఫ్యూజు. మీటర్ పిన్నులు రెండు చివర్లా ఆనించాడు. బీప్ రాలేదు.

"ఫ్యూజు పోయింది."

"పోతే ఏందబ్బయ్యా! తీగ పోగు చుట్టు," అంది హోటల్ రోశమ్మ, దోసె తిరగేస్తూ. "మా ఇంట్లో అన్నీ అట్లనే నడుస్తుండాయి."

"అవును, త్వరగా!" అంది హైమావతి. ఆమె వేళ్ల మధ్య రాగిపోగు అప్పుడే సిద్ధంగా ఉంది.

ఏబేలు చెయ్యి చాచి ఆగాడు. అసలు ఫ్యూజు ఎందుకు పోయింది? బ్యాటరీ చూశాడు. ఎర్ర తీగ మైనస్‌కు, నల్ల తీగ ప్లస్‌కు! ఫ్యూజు తాను చచ్చి బోర్డును బతికించింది. ఇప్పుడు పోగు చుడితే అంతా బూడిదే.

"తీగలు మార్చింది నువ్వే. మావాళ్లు పోగే చుడతారని కూడా లెక్కేసుకున్నావు."

హైమావతి చెయ్యి పౌడర్ డబ్బా మీదికి పోయింది. ఏబేలు లాక్కున్నాడు. అద్దం వెనక బుల్లి ట్రాన్స్‌మిటర్. దాని బోర్డు మీద అదే సైజు, కెపాసిటీ చెప్పే అదే అక్షరం ఉన్న ఫ్యూజు.

రోశమ్మ కాలిన అట్లకాడ చూపించింది. "కూర్చో తల్లీ. కదిల్తే వాత పడతాది."

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కడమే లేదు. ఏబేలు కాలు నేలమీద నిలవడం లేదు. చివరికి సీసం కరిగింది. ట్రాన్స్‌మిటర్ నుంచి ఊడదీసిన ఫ్యూజు పట్టకారులోంచి జారి బల్లమీద చట్నీ పక్కన పడింది. ఏరి, తుడిచి, ఊపిరి బిగబట్టి అతికించాడు. తీగలు సరిచేశాడు. సెట్ గురగురలాడింది.

"చెక్‌పోస్ట్! గేటు వెయ్యండి!"

"కోడ్?"

"పలకకు బలపం కావాలి!"

సెట్‌లో దడేల్‌మన్న చప్పుడు. బ్రేకుల కీచు. అరుపులు.

"పట్టుకున్నాం సార్. బంపర్ గేటుకు తగిలి ఆగినాది. కానీ అన్నదానం బోర్డు చూసి జనం లైను కట్టినారు. అన్నం ఎప్పుడు పెడతారని అడుగుతుండారు. ఏం చెప్పమంటారు?"

"ముందు జనాన్ని దూరం జరుపు. వంటవాళ్లను పోలీసులు తీసుకుపోయినారని చెప్పు."