మధ్యాహ్నం రెండింటి పొగ

"ఏంది సార్ గిది? ఎండలు గిట్ల మండుతుంటే మిట్ట మధ్యాహ్నం జనరేటర్ పెడ్తరా?"

అనిల్ వెనక్కి తిరిగాడు. మాదాపూర్‌లోని ఆ తొమ్మిదంతస్తుల ఐటీ భవనంలో కరెంటు, నీళ్ళు, ఏసీలు చూసుకునేది అతనే. ఎదురుగా ఓ అమ్మాయి. చెమట తుడుచుకుంటూనే కళ్ళెర్ర చేస్తోంది.

"సోమ, గురువారాలు టెస్టింగ్ మేడం. ఇంతకూ మీరెవరు?"

"నవ్య. మీ టెర్రస్ మీద గాలిని కొలిచే మెషిన్ పెట్టింది నేనే. మీ పొగ ఈ ఎండల ఉడికి ఓజోన్ అయితది, తెలుసా?"

"ఓజోన్ మంచిదే గదా! ఆకాశంలో మనల్ని కాపాడేది?"

"ఆకాశంల ఉంటే మంచిదే. ముక్కుకాడికొస్తే ఛాతి మండుతది. అచ్చం మీ లెక్కనే, దూరముంటేనే నయం."

ప్రొద్దుటూరు ఎండల్లో పెరిగినవాడికి ఎండ మీద పాఠమా! అనిల్‌కు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది.

గురువారం ఆమె టెర్రస్ ఎక్కేసరికి అతను మజ్జిగ ప్యాకెట్‌తో సిద్ధంగా ఉన్నాడు.

"లంచమా?"

"చల్ల మేడం. తాగితే మీకు కోపం తగ్గుతాదేమోనని."

"తాగుత. రీడింగ్ మాత్రం మార్చ." ఫోన్‌లో గ్రాఫ్ చూపించింది. రెండు గంటల దగ్గర పొగ గీత నిట్టనిలువుగా లేచింది. "టైం మార్చమని మీ మేనేజర్‌ను అడగరాదు?"

అడిగాడు. కుదరదన్నారు. అనిల్ ఊరుకున్నాడు. ఆ సంగతి విని నవ్య విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సోమవారం మధ్యాహ్నం నలభై నాలుగు డిగ్రీలు. జనరేటర్ ఆగిన కాసేపటికి, దాని పక్క గేటు దగ్గర కాపలా ఉన్న రామన్న కుప్పకూలాడు. అప్పుడే వచ్చిన నవ్య కేక వేసింది. అనిల్ అతన్ని రెండు చేతులతో ఎత్తి చల్లని లాబీలోకి తెచ్చాడు. ఆమె అతని చొక్కా గుండీలు విప్పి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. అంబులెన్స్ వచ్చింది.

దవాఖానలో రామన్న మెల్లగా కళ్ళు తెరిచాడు. "నాకు ఆయాసముంది సారూ. చెప్తే డ్యూటీ పోతదని చెప్పలే."

అనిల్ తల దించుకున్నాడు. జనరేటర్ బటన్ నొక్కింది తన వేలే.

ఆ సాయంత్రమే యాజమాన్యానికి మెయిల్ పెట్టాడు: ఇకమీదట టెస్టింగ్ ఉదయం ఆరింటికే, కాపలావాళ్ళు నీడలోనే నిలబడతారు, ఒప్పుకోకపోతే తన రాజీనామా తీసుకోవచ్చు. కింద నవ్య రీడింగులన్నీ జతచేశాడు. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు సరేనన్నారు.

తర్వాతి సోమవారం ఉదయం ఆరింటికి నవ్య టెర్రస్ మీద ప్రత్యక్షమైంది.

"రీడింగులు ఫోన్‌లోనే కనపడతాయి గదా?" అన్నాడు అనిల్.

"గాలి కోసం రాలే."

అనిల్ గొంతు సవరించుకున్నాడు. "నవ్యా... మీ ఇంట్లోవాళ్ళతో మన గురించి ఒక మాట మాట్లాడాలనుకుంటున్నా."

"మా అమ్మకు నిన్ననే చెప్పిన."

"నేనింకా అడగనే లేదే!"

"మీరు అడిగేదాక ఆగితే వానకాలం గూడ పోతది. అందుకే నేనే చెప్పిన."

"ఏమన్నారు మరి?"

నవ్య నవ్వాపుకుంటూ మెట్ల వైపు నడిచింది. "ఆదివారం మిమ్మల్ని ఇంటికి తోల్కరమ్మన్నది."